మెనూ వచ్చిందంటే డిస్కు బతికే ఉంది

కంప్యూటర్ సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే చోట ఆగిపోయిన యంత్రాల గురించి. మీట నొక్కగానే లేస్తాయి, తెర మీద నాలుగు వరుసలు పరుగెడతాయి, ఆ తర్వాత డిస్కు కనబడలేదంటూ నిలబడిపోతాయి. రాసిన నలుగురూ డిస్కు పోయిందనే అనుకున్నారు. మూడు యంత్రాల్లో డిస్కుకు ఏమీ కాలేదు. నాలుగోదానిలో ఒక డిస్కు సంగతి ఇంకా తేలాలి గానీ, యంత్రం ఆగింది మాత్రం దాని వల్ల కాదు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మా సంస్థ లెక్కలన్నీ ఒక పాత లినక్స్ సర్వర్‌లో ఉన్నాయి. ఎనిమిదేళ్లుగా నడుస్తోంది. గత వారం అప్‌డేట్లు వేసి రీస్టార్ట్ చేశాను. గ్రబ్ మెనూ వచ్చింది. ఎంటర్ నొక్కాక కాసేపు ఆగి, ఫలానా యూయూఐడీ (డిస్కు విభాగపు గుర్తింపు సంఖ్య) గల పరికరం లేదని చెప్పి, 'ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్' అనే మాట పక్కన కర్సర్ మినుకుమంటూ ఉండిపోయింది. డిస్కులు ఒక కంట్రోలర్ కార్డుకు తగిలించి ఉన్నాయి. కొత్త డిస్కు తెప్పిస్తున్నాం. మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం తప్ప దారి లేదంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. అన్నిటికంటే ముందు, ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్‌ను ఆ యంత్రానికి దూరంగా పెట్టండి. ఇలాంటి సందర్భాల్లో సమాచారం పోయేది మొదట వచ్చిన లోపం వల్ల కాదు, దాన్ని బాగుచేయాలనే తొందరలో చేసే రెండో పని వల్ల. నా పనిలో నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం అలా జరిగినవే.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన వాక్యం 'గ్రబ్ మెనూ వచ్చింది' అన్నది. గ్రబ్ అంటే లినక్స్‌ను లేపే చిన్న ప్రోగ్రాం. ఆ మెనూ ఎక్కడి నుంచి వచ్చింది? ఆ డిస్కు నుంచే. మీరు ఎంటర్ నొక్కాక మెమరీలోకి ఎక్కిన కెర్నల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం) ఫైలు ఎక్కడిది? అదీ ఆ డిస్కుదే. చచ్చిపోయిన డిస్కు నుంచి కొన్ని పదుల మెగాబైట్లు పొల్లుపోకుండా రావు. డిస్కు తిరుగుతోంది, కేబుల్ పనిచేస్తోంది, కార్డు పలుకుతోంది. డిస్కులో అక్కడక్కడ దెబ్బతిన్న చోట్లు ఉంటే ఉండవచ్చు. కానీ 'పరికరమే లేదు' అనే ఫిర్యాదు సాధారణంగా వాటి వల్ల రాదు.

మరి ఎంటర్ నొక్కే దాకా కనబడిన డిస్కు ఆ తర్వాత ఎలా మాయమైంది? డిస్కు మారలేదు, చదివేవారు మారారు. మెనూ దాకా దాన్ని చదివింది బయోస్ లేదా యూఈఎఫ్ఐ, అంటే మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాం. కార్డు మీదే నిల్వ ఉండే చిన్న ప్రోగ్రాం అందుకు సాయపడుతుంది. కెర్నల్ పగ్గాలు తీసుకోగానే ఆ సాయం ఆగిపోతుంది. అక్కడి నుంచి కెర్నల్ తన సొంత డ్రైవర్‌తోనే కార్డును పలకరించాలి. ఆ డ్రైవర్ ఉన్నదేమో డిస్కు మీద. డిస్కు చదవాలంటే డ్రైవర్ కావాలి. పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు అన్నట్టు ఉంటుంది వ్యవహారం.

ఈ చిక్కు విప్పడానికే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ఉంది. ప్రయాణంలో పెద్ద పెట్టెలు వేరే వేసి, వెంటనే అవసరమయ్యేవి చేతిసంచిలో ఉంచుకుంటాం కదా, అలాంటి సంచి ఇది. కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా, దిగగానే కావలసిన డ్రైవర్లను ఏరి అందులో సర్దుతారు. గ్రబ్ కెర్నల్‌తో పాటు ఈ సంచిని కూడా మెమరీలోకి తెస్తుంది. మీ యంత్రం ఆగింది సంచి విప్పి చూసుకున్న తర్వాతే. సంచి అసలు రాకపోతే మీకు ఆ కర్సర్ కూడా కనబడేది కాదు. రూట్ ఫైల్ సిస్టమ్‌ను (లినక్స్ ఉన్న ప్రధాన విభాగాన్ని) మౌంట్ చేయలేకపోయానంటూ, అన్‌నోన్ బ్లాక్ 0,0 అనే అంకెలతో కెర్నల్ అక్కడికక్కడే చేతులెత్తేసేది. అలా కనబడిన పాఠకులు ముందుగా బూట్ విభాగంలో చోటు మిగిలిందో లేదో చూడాలి. పాత కెర్నళ్లు పేరుకుపోయి ఆ చిన్న విభాగం నిండిపోతే కొత్త సంచి తయారే కాదు.

మీ విషయానికి వస్తాను. ఆ కర్సర్ దగ్గర మీరు నిస్సహాయులు కారు. అది చిన్నదే అయినా మీ ఆదేశాలు తీసుకునే పూర్తి షెల్. అక్కడ తేలవలసిన ప్రశ్నలు మూడు. కార్డు కెర్నల్‌కు కనబడిందా? కనబడితే దానికి డ్రైవర్ దొరికిందా? దొరికితే ఆ డ్రైవర్ పని మొదలుపెట్టగలిగిందా? మూడింటికీ మందు వేర్వేరు. ఏది మీదో తేలకుండా చేసే ప్రతి ప్రయత్నం చీకట్లో బాణమే.

ప్రాక్ అనే ఫోల్డర్‌లోని పార్టిషన్స్ ఫైలును క్యాట్ ఆదేశంతో తెరవండి. కెర్నల్‌కు ఇప్పటిదాకా కనబడిన డిస్కులు అందులో ఉంటాయి. మీ డిస్కులు అందులో కనబడి, యూయూఐడీ మాత్రమే కలవకపోతే, ఇది డ్రైవర్ గొడవ కాదు, పేరు గొడవ. డిస్కులేవీ లేకపోతే డీమెసేజ్ ఆదేశం ఇచ్చి, పీసీఐ అనే మాటతో మొదలయ్యే వరుసల్లో కార్డు గుర్తింపు సంఖ్య కోసం వెతకండి. ప్రతి కార్డుకూ రెండు భాగాల సంఖ్య ఉంటుంది. ఎల్‌ఎస్‌ఐ వారి సాస్ 2008 చిప్ సంఖ్య 1000:0072. ముందరిది తయారీదారుది, తర్వాతది చిప్‌ది. ఏ డ్రైవరైనా తనకు తెలిసిన సంఖ్యల జాబితాను తనలోనే పెట్టుకుని ఉంటుంది. ఆ జాబితాలో మీ సంఖ్య ఉంటేనే కార్డును చేరదీస్తుంది.

ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను, ఎందుకంటే దీని వల్ల చాలామంది మంచి కార్డులు పారేశారు. 2019లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో ఇలాంటి కార్డులను నడిపే ఎంపీటీ3సాస్ డ్రైవర్ ఉంది. కానీ కొన్ని పాత కార్డుల సంఖ్యలను అందులోని జాబితా నుంచి తొలగించారు. పైన చెప్పిన 1000:0072 వాటిలో ఒకటి. డ్రైవర్ లోడవుతుంది, తప్పు చూపించదు, డిస్కులు మాత్రం రావు. కార్డులో లోపమేమీ లేదు. ఆ సంఖ్య ఉన్న డ్రైవర్‌ను విడిగా తెచ్చుకుంటే అదే కార్డు పనిచేస్తుంది.

ఇవన్నీ మీకు ఫోనులో చెప్పాను. మీరు తెర ఫొటోలు ఓపికగా పంపారు. అందులో జరిగిన సంగతి మిగతా పాఠకులకూ పనికొస్తుంది కాబట్టి రాస్తున్నాను.

గ్రబ్ మెనూలో అదనపు ఎంపికల కింద పాత కెర్నల్ ఇంకా ఉంది. దానితో బూట్ చేస్తే సర్వర్ చక్కగా లేచింది. లెక్కలన్నీ ఉన్నాయి. ఆ మొదటి పది నిమిషాల్లోనే మీ భయం సగం తీరింది. పాత కెర్నల్‌తో లేచాక ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశాన్ని ఎన్, ఎన్, కే ఐచ్ఛికాలతో ఇమ్మన్నాను. కార్డు వరుస కింద రెండు ముక్కలు కనబడ్డాయి. ప్రస్తుతం వాడుకలో ఉన్న డ్రైవర్ అన్న చోట కార్డు తయారీదారు ఇచ్చిన డ్రైవర్ పేరు ఉంది. ఈ కార్డుకు సరిపోయే మాడ్యూళ్లు (డ్రైవర్ ఫైళ్లు) అన్న చోట ఆ పేరుతో పాటు కెర్నల్‌లోనే వచ్చే మరో డ్రైవర్ పేరు కూడా ఉంది. అంటే ఎనిమిదేళ్ల క్రితం ఎవరో తయారీదారు డ్రైవర్‌ను చేత్తో కంపైల్ చేసి పెట్టారు. అది ఆ పాత కెర్నల్ ఫోల్డర్‌లోనే ఉంది. కొత్త కెర్నల్‌కు దాన్ని మళ్లీ తయారుచేసినవారు లేరు.

అయితే కెర్నల్ సొంత డ్రైవర్ ఉంది కదా, అది ఎందుకు ముందుకు రాలేదు? నాకూ అదే అనుమానం వచ్చింది. ఈటీసీ ఫోల్డర్ కింద మోడ్‌ప్రోబ్ డాట్ డీ అనే ఫోల్డర్‌ను తెరవమన్నాను. అక్కడ ఎనిమిదేళ్ల నాటి తేదీతో రెండే వరుసల ఫైలు ఒకటి దొరికింది. మొదటి వరుస వ్యాఖ్య: 'తాత్కాలికం, కొత్త డ్రైవర్ పరీక్షించే వరకు'. రెండోది కెర్నల్ సొంత డ్రైవర్‌ను బ్లాక్‌లిస్టులో పెట్టే ఆదేశం. ఆ తాత్కాలికం ఎనిమిదేళ్లు కొనసాగింది. రాసిన మనిషి ఈపాటికి ఎక్కడో ఉంటారు. ఆయన తప్పు చేశారని నేను అనను. ఆ రోజున రెండు డ్రైవర్లు ఒకే కార్డు కోసం పోటీ పడకుండా చూడటం సరైన పనే. ఆ విషయం ఒక కాగితం మీద రాసి సర్వర్ పక్కన అంటించి ఉంటే మీకు ఈ వారం రోజుల నిద్ర దక్కేది.

బ్లాక్‌లిస్టు గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కార్డు సంఖ్యను చూసి డ్రైవర్ తనంతట తాను రావడాన్ని మాత్రమే అది ఆపుతుంది. పేరు పెట్టి పిలిస్తే ఆపదు. అందుకే మళ్లీ కొత్త కెర్నల్‌తో బూట్ చేసి, ఆ కర్సర్ దగ్గర మోడ్‌ప్రోబ్ అని రాసి డ్రైవర్ పేరు ఇమ్మన్నాను. సంచిలో ఆ డ్రైవర్ ఉంది, కాకపోతే నోరు కట్టేసి ఉంది. ఎంటర్ నొక్కిన కొద్ది క్షణాలకు తెర మీద డిస్కుల పేర్లు ఒక్కొక్కటే దిగడం మీరే చూశారు. తర్వాత ఎగ్జిట్ అని కొట్టగానే ఆగిన చోటు నుంచే బూట్ ముందుకు సాగింది.

పిలిస్తే పలికిందంటే రోగం తేలినట్టే. ఇక శాశ్వతంగా సరిచేయడం తేలిక: ఆ బ్లాక్‌లిస్టు వరుసను తీసేసి, కొత్త కెర్నల్‌కు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను మళ్లీ తయారుచేయడమే. డెబియన్, ఉబుంటు కుటుంబంలో అందుకు అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్, ఫెడోరా, రెడ్ హ్యాట్ వైపు డ్రాకట్. ఈ రెండో అడుగు మరిచిపోకండి. ఫైలు మార్చినంత మాత్రాన సంచిలోని పాత ప్రతి మారదు. పాత కెర్నల్‌ను కనీసం రెండు నెలల దాకా తీసేయకండి.

ఒక హెచ్చరిక. మీ కార్డు డిస్కులను విడివిడిగా చూపించే సాదా కార్డు కాబట్టి డ్రైవర్ మార్పు సాఫీగా జరిగింది. కొన్ని చవక కార్డుల్లో రెయిడ్ (కొన్ని డిస్కులను ఒక్కటిగా కలిపి వాడే పద్ధతి) పనంతా తయారీదారు డ్రైవరే చేస్తుంది. అలాంటి చోట కెర్నల్ సొంత డ్రైవర్ వేస్తే ఒక్కటిగా కనబడవలసిన డిస్కు ముక్కలుగా కనబడుతుంది. ఆ ముక్కల మీద ఏమీ రాయకుండా వెంటనే వెనక్కి రావాలి.

ప్రశ్న: మా ఇంట్లోని కంప్యూటర్‌లో గడియారం తప్పు చూపిస్తోందని మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ మార్చాను. అప్పటి నుంచి విండోస్ లేవడం లేదు. నీలి తెర మీద 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అని వస్తోంది. బ్యాటరీ మార్చేటప్పుడు డిస్కుకు ఏమైనా తగిలిందా?

జవాబు: ఏమీ తగల్లేదు. బ్యాటరీ తీసినప్పుడు బయోస్ తన సెట్టింగులు మరిచిపోయి, ఫ్యాక్టరీలో పెట్టినవాటికి తిరిగి వెళ్లింది. వాటిలో డిస్కులను నడిపే సాటా కంట్రోలర్ ఏ పద్ధతిలో పనిచేయాలన్నది ఒకటి. ఆ పద్ధతుల పేర్లు ఏహెచ్‌సీఐ, రెయిడ్, పాత బోర్డుల్లో ఐడీఈ. మీ విండోస్ ఒక పద్ధతిలో ఇన్‌స్టాల్ అయింది, బయోస్ ఇప్పుడు మరో పద్ధతి చూపిస్తోంది. బయోస్‌లోకి వెళ్లి ఆ ఒక్క సెట్టింగును పాత స్థితికి తెస్తే చాలు. ఏది పాతదో గుర్తులేకపోతే ఒక్కొక్కటి మార్చి చూడండి. విండోస్ లేవకపోతే మార్చి చూసినందువల్ల నష్టం లేదు. లేచిన రోజున ఆ తెరను ఫొటో తీసి పెట్టుకోండి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే మాత్రం ఇలాంటి మార్పుల తర్వాత 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది చేతిలో ఉంచుకునే మొదలుపెట్టండి.

ఎందుకిలా అన్నది కూడా తెలుసుకోవడం మంచిది. విండోస్ ప్రతి డ్రైవర్‌కూ రిజిస్ట్రీ అనే తన సెట్టింగుల పట్టికలో స్టార్ట్ అనే విలువ రాసుకుంటుంది. 0 అంటే బూట్ మొదటి క్షణం నుంచి కావాలి, 1, 2 అయితే తర్వాత, 3 అంటే అవసరమైతే చూద్దాం, 4 అంటే అసలు వద్దు. ఇన్‌స్టాల్ చేసిన రోజున అవసరం లేని కంట్రోలర్ డ్రైవర్లను విండోస్ వెనక వరుసలో కూర్చోబెడుతుంది. రేపు అదే కంట్రోలర్ ఎదురైతే, వెనక వరుసలోని డ్రైవర్ ముందుకు వచ్చేలోపే బూట్ ఆగిపోతుంది. విండోస్ 7లో ఎంఎస్ఏహెచ్‌సీఐ అనే డ్రైవర్‌కు ఈ విలువ 3గా ఉండిపోయి, చాలామంది దాన్ని చేత్తో 0 చేయాల్సి వచ్చింది. ఆ రోజుల్లో నీలి తెర మీద ఈ తప్పును 7బి అనే సంఖ్యతో గుర్తుపట్టేవాళ్లం.

కావాలనే ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకి మారాలనుకునేవారికి విండోస్ 8 నుంచి తేలిక మార్గం ఉంది. విండోస్ పనిచేస్తున్నప్పుడే సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో సేఫ్ బూట్ ఎంచుకుని, రీస్టార్ట్ చేస్తూ బయోస్‌లో పద్ధతి మార్చండి. సేఫ్ మోడ్‌లో విండోస్ కొత్త కంట్రోలర్‌ను గుర్తుపట్టి దాని డ్రైవర్‌ను ముందు వరుసలోకి తెచ్చుకుంటుంది. తర్వాత సేఫ్ బూట్ తీసేసి మామూలుగా రీస్టార్ట్ చేయాలి. వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల ప్రోగ్రాంగా నడిచే కంప్యూటర్) డిస్కును ఐడీఈ నుంచి వర్టియో అనే మరో పద్ధతికి మార్చి ఇదే నీలి తెర చూసినవారికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. ముందు పాత పద్ధతిలోనే లేపి, రెండో డిస్కుగా చిన్న వర్టియో డిస్కు ఒకటి తగిలించి, దాని డ్రైవర్ వేసుకోనివ్వండి. అసలు డిస్కును ఆ తర్వాత మార్చండి.

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ ఇన్‌స్టాల్ చేయబోతే డిస్కుల జాబితా ఖాళీగా ఉంది. బయోస్‌లో మాత్రం ఎస్ఎస్‌డీ పేరు కనబడుతోంది.

జవాబు: ప్రాసెసర్ ఇంటెల్ 11వ తరం లేదా ఆ తర్వాతది అయితే కారణం దాదాపు ఖాయంగా వీఎండీ. ఎస్ఎస్‌డీకి, విండోస్‌కు మధ్య ఇంటెల్ వారి కంట్రోలర్ ఒకటి నిలబడి ఉంటుంది. ఇన్‌స్టాలర్ దగ్గర దాని డ్రైవర్ లేకపోతే వెనక ఉన్న ఎస్ఎస్‌డీ కనబడదు. ల్యాప్‌టాప్ తయారీదారు వెబ్‌సైట్ నుంచి ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించుకుని, ఐఎన్ఎఫ్ ఫైలు బయటికి కనబడేలా విప్పి, పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. జాబితా ఖాళీగా ఉన్న తెర మీదే 'లోడ్ డ్రైవర్' అనే బటన్ ఉంటుంది, అక్కడ ఆ ఫోల్డర్ చూపించండి. బయోస్‌లో వీఎండీని ఆపేసినా డిస్కు కనబడుతుంది. కానీ ఇప్పటికే విండోస్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఆ పని చేస్తే పై ప్రశ్నలోని నీలి తెర మీకూ వస్తుంది.

ప్రశ్న: మా సర్వర్‌లో నాలుగు డిస్కులతో రెయిడ్ 5 ఉంది. మూడు వారాలుగా మూడో డిస్కు దగ్గర ఎర్ర దీపం వెలుగుతోంది, పని జరుగుతోంది కదా అని వదిలేశాం. ఇప్పుడు బూట్ కావడం లేదు. కార్డు ఫర్మ్‌వేర్ సిద్ధం కావడానికి ఎదురుచూస్తున్నట్టు డ్రైవర్ చెబుతుంది, చాలాసేపటికి ఫర్మ్‌వేర్ ఫాల్ట్ స్థితిలో ఉందని ఆగిపోతుంది. ఒక గంట ఆపి ఉంచితే ఒక్కోసారి లేస్తోంది. అలా లేచినప్పుడు ఒకసారి 'ఫారిన్ కాన్ఫిగరేషన్' దొరికిందనీ, ఇంపోర్ట్ చేయాలా క్లియర్ చేయాలా అనీ అడిగింది. క్లియర్ కొడితే శుభ్రమవుతుందని తెలిసినవారు అంటున్నారు.

జవాబు: కొట్టకండి. ఈ జవాబులో ఇంకేమీ చదవకపోయినా ఈ మాట గుర్తుంచుకోండి.

ఏ డిస్కు ఏ వరుసలో ఉంది, ఏ రెయిడ్‌కు చెందింది అనే వివరాన్ని కార్డు డిస్కుల మీద కూడా రాసి పెడుతుంది. కార్డు జ్ఞాపకంలో ఉన్నదానికి, డిస్కుల మీద ఉన్నదానికి పొత్తు కుదరకపోతే డిస్కుల మీది వివరాన్ని 'ఫారిన్' అంటుంది. క్లియర్ అంటే చెరిపేసేది ఆ వివరాన్నే. డిస్కుల మీది సమాచారం అలాగే ఉన్నా, దాన్ని కలిపి కుట్టే దారం పోతుంది. పనిలో చేరిన మొదటి రోజుల్లో నేను ఒక కార్యాలయంలో అదే పని చేశాను. క్లియర్ అనే మాట నాకు శుభ్రం చేయడంలా వినబడింది. ఆ తర్వాత కొత్త రెయిడ్ సృష్టించి, ఇనిషియలైజ్ కూడా చేశాను. నాలుగు నెలల రసీదులను ఆ కార్యాలయం వారు కాగితాల నుంచి మళ్లీ ఎక్కించుకోవాల్సి వచ్చింది. పక్కన కూర్చుని నేనూ ఎక్కించాను. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు అసలు లోపం. ఇక్కడ డ్రైవర్ ఉంది, కార్డును గుర్తుపట్టింది, తలుపు కూడా తట్టింది. లోపలివారు పలకడం లేదు. రెయిడ్ కార్డు అంటే దానికదే ఒక చిన్న కంప్యూటర్. దానికి సొంత ప్రాసెసర్, మెమరీ, ఫర్మ్‌వేర్ అనే సొంత ప్రోగ్రాం ఉంటాయి. అది లేచి 'సిద్ధం' అని చెప్పేదాకా డ్రైవర్ చేయగలిగింది వేచి ఉండటమే. కాబట్టి డ్రైవర్‌ను మార్చడం, కెర్నల్‌ను మార్చడం ఇక్కడ వృథా ప్రయాస.

గంట ఆపితే లేస్తోందన్నది నాకు వేడిని గుర్తుచేస్తోంది. ఈ కార్డులను సర్వర్ పెట్టెలో ఎడతెగకుండా వీచే గాలిని నమ్ముకునే తయారుచేస్తారు. చాలావాటి మీద సొంత ఫ్యాన్ ఉండదు, ఒక అల్యూమినియం ముక్క మాత్రమే ఉంటుంది. ఇలాగే పొద్దున లేచి మధ్యాహ్నానికి పడిపోయే కార్డు ఒకటి నా చేతికి వచ్చింది. దాని మీది అల్యూమినియం ముక్కను వేలితో తాకితే అటూ ఇటూ కదిలింది. కింద ఉండవలసిన పేస్టు ఎండి, సున్నపు పొడిలా రాలింది. ఎదురుగా ఉన్న ఫ్యాన్ తిరుగుతూనే ఉంది గానీ, ఎవరో కేబుళ్ల కట్టను సరిగ్గా దాని ముందు నుంచి తీసుకెళ్లారు. గాలి ఆ కట్ట దగ్గరే ఆగిపోతోంది. పేస్టు మార్చి, కట్టను పక్కకు జరిపితే కార్డు మళ్లీ పడిపోలేదు.

మీరు ఇలా చేయండి. సర్వర్ చల్లబడి ఉన్నప్పుడే ఒకసారి లేపడానికి ప్రయత్నించండి. లేస్తే ఇంకే పనీ పెట్టుకోకుండా సమాచారాన్ని వేరే చోటికి కాపీ చేయండి, మూత తీసి కార్డు వైపు ఒక బల్ల ఫ్యాను తిప్పి అయినా సరే. కాపీ ముగిసి, సర్వర్‌ను పద్ధతి ప్రకారం షట్‌డౌన్ చేశాకే పెట్టె లోపల చేయి పెట్టండి. పవర్ కేబుల్ పూర్తిగా లాగి, ఏ డిస్కు ఏ గూట్లో ఉందో, ఏ కేబుల్ ఎక్కడ తగిలిందో అంటించిన కాగితం మీద రాసి ఫొటో తీయండి. కార్డు మీద చిన్న బ్యాటరీ ఉంటే దాన్ని విడదీయకండి. హఠాత్తుగా ఆగిపోయినప్పుడు డిస్కుకు చేరని రాతలను కార్డు మెమరీలో నిలిపి ఉంచేది అదే. తర్వాత ఎప్పుడైనా కార్డు 'క్యాష్‌లో మిగిలిన సమాచారం ఉంది, వదిలేయనా' అని అడిగితే వదలవద్దనే చెప్పండి. దుమ్ము దులిపి, కార్డును తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టి, వీలైతే మరో స్లాట్‌లో పెట్టి చూడండి.

అప్పటికీ లేవకపోతే కార్డు మార్చే సమయం వచ్చినట్టే. అదే నమూనా కార్డు వెతకండి. కొత్త కార్డుకు మీ డిస్కులన్నీ ఫారిన్‌గానే కనబడతాయి, అది సహజం. ఇంపోర్ట్ చేయాల్సింది అప్పుడే. కానీ అంతకు ముందు ఒక పని ఉంది. ఆ మూడో డిస్కును తీసి బయట పెట్టండి. మూడు వారాల క్రితం అది జట్టు నుంచి తప్పుకుంది. దాని మీద ఉన్నవి మూడు వారాల నాటి రాతలు, మిగతా మూడింటి మీద నిన్నటివి. ఆ పాత రాతలను కార్డు మంచివనుకుని కలిపేస్తే ఫైళ్లు లోలోపల చెడతాయి, ఆ సంగతి వెంటనే తెలియదు కూడా. మూడు డిస్కులతోనే ఇంపోర్ట్ చేస్తే రెయిడ్ లోటుతోనే అయినా లేస్తుంది. రెయిడ్ 5 ఒక్క డిస్కు లోటును తట్టుకుంటుంది, రెండోదాన్ని తట్టుకోదు. కాబట్టి సమాచారం రెండు చోట్ల కాపీ అయ్యాకే ఆ గూట్లో కొత్త డిస్కు పెట్టి, రెయిడ్‌ను తిరిగి కట్టనివ్వండి.

తీసిన మూడో డిస్కును పారేయకండి. దాని మీద తేదీ రాసి, వేరే కంప్యూటర్‌కు తగిలించి, ఏమీ రాయకుండా స్మార్ట్ వివరాలు (డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్కలు) మాత్రం చదవండి. 199వ వరుసలో సీఆర్‌సీ తప్పుల (దారిలో చెడిన సమాచారం) లెక్క ఉంటే అది చూడండి. మిగతావన్నీ బాగుండి అది ఒక్కటే వందల్లో ఉంటే లోపం డిస్కుది కాకపోవచ్చు, ఆ గూటి కేబుల్‌దో కనెక్టర్‌దో కావచ్చు. అప్పుడు కొత్త డిస్కు కూడా మూడు వారాల్లో ఎర్రబడుతుంది. ఆ అంకె ఎంత వచ్చిందో నాకు రాయండి, కేబుల్ మార్చాలా వద్దా అన్నది దాన్ని చూసి చెబుతాను.